చోడి అంబలి, రేషన్ బియ్యం, మా పిల్లల స్కూల్ లంచ్

2023 జూన్‌లో పిల్లలిద్దర్నీ తీసుకుని చీపురుపల్లి దగ్గర మా ఊరికి వెళ్లాను. నాలుగేళ్లయింది అప్పటికి, మొదట కోవిడ్ వల్ల, తర్వాత గ్రీన్‌కార్డు కాగితాల టెన్షన్ వల్ల. మా పెద్దదానికి పద్నాలుగు, చిన్నోడికి తొమ్మిది. ఇద్దరూ పుట్టింది కాలిఫోర్నియాలోనే. తెలుగు అర్థమవుతుంది గానీ మా అమ్మ మాట్లాడే తెలుగు అందుకోవడానికి రెండ్రోజులు పట్టింది.

వెళ్లిన మర్నాడు పొద్దున్నే అమ్మ చోడి అంబలి కాచింది. మిగతా వాళ్లు రాగులంటారు, మాకు అవి చోళ్లు. రాత్రి పిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున గుప్పెడు నూకలు ఉడికించి, ఆ పిండి నీళ్లు పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పుతూ ఉండాలి. దించి చల్లారాక ఉప్పు, పల్చటి మజ్జిగ. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. "తాగే అమ్మా, కడుపులో సల్లగుంటాది" అని పెద్దదాని చేతికి గ్లాసిచ్చింది. అది గుటకేసి, ఇది మా ఊళ్లో స్టోర్‌లో ఖరీదైన ప్యాకెట్‌లో అమ్మేదే కదా అని అడిగింది. అవునన్నాను. పక్కనే ఉన్న మా మేనకోడలు, గవర్నమెంటు బడిలో ఏడో తరగతి, "మాకు బడిలో ఇస్తారు, అయితే బెల్లం వేసి" అంది. ఆ ఏడాది మార్చి నుంచే రాష్ట్రంలో బడి పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. దేశాలన్నీ చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్నది కూడా ఆ ఏడాదే, కేంద్ర బడ్జెట్‌లో వాటిని శ్రీ అన్న అన్నారు.

నాకు చాలా సంతోషమేసింది, చెప్పొద్దూ. నా పిల్లలు, మా అన్నయ్య పిల్లలు ఒకే గ్లాసు గురించి మాట్లాడుకుంటున్నారు. మా అమ్మమ్మ కుండలో కాచిన అంబలి గురించి, మన పాత తిండి ఎంత మంచిదో అన్న దాని గురించి ఏదో చెప్పబోయాను. ఈలోపు పెద్దది అడిగేసింది: "అమ్మమ్మా, ఇంత మంచిది మీరు ఎందుకు మానేశారు?"

అమ్మ దానివైపు కాసేపు చూసింది. "ఇష్టమయ్యి తాగేమనుకున్నావేటే? బియ్యం నేక తాగేం. వరన్నం పండక్కి, సుట్టాలొచ్చినప్పుడు. మీ యమ్మకి మూడేళ్లప్పుడు రెండ్రూపాయల బియ్యం వచ్చింది. అప్పట్నుంచి పిల్లలకి రోజూ అన్నం పెట్టేను" అని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అది 1983. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిన సంవత్సరం. ఆ రేషన్ బియ్యం మీదే నేను పెరిగాను, చదువుకున్నాను, విమానం ఎక్కాను. ఇది నాకు తెలియని విషయం కాదు. కానీ మా పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. వాళ్లకి నేను నేర్పించిందల్లా రుచులు. ముక్కల పులుసులో బెల్లం ఎందుకు పడాలో, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో (దించాక, పొయ్యి మీద కాదు, చేదెక్కుతుంది), ఎండలో పెట్టిన మన ఆవకాయకీ గుంటూరు వాళ్ల ఆవకాయకీ తేడా ఏమిటో. అన్నిట్లో బెల్లమేనా అని ఎవరైనా అంటే పిల్లలే ఇప్పుడు మా వంటని వెనకేసుకొస్తారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ వంట వెనకాల ఉన్న ఆకలిని మాత్రం దాచిపెట్టాను.

దాచిపెట్టడానికి ఒక కారణం ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. 2022 జులైలో ప్రధాని ఒక సభలో ఉచిత హామీలను రేవడీలు (నువ్వుల మిఠాయి) పంచడంతో పోల్చారు, ఆగస్టులో సుప్రీంకోర్టులో వాదనలు కూడా జరిగాయి. ఆ రోజుల్లో ఇక్కడ తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇదే చర్చ. ఒక స్నేహితురాలింట్లో పాట్‌లక్‌కి నేను పనసపొట్టు కూర చేసుకుని వెళ్లాను. భోజనాల దగ్గర ఒకాయన "బియ్యం ఊరికే ఇస్తే ఇంక పనికెవడొస్తాడు, దేశం పాడైపోయిందండీ" అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. మా అమ్మాయి నా పక్కనే కూర్చుని తింటోంది.

మా ఊరి నుంచి చెన్నై, హైదరాబాద్ బిల్డింగు పనులకి వెళ్లినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. బియ్యం ఉన్నాయని ఇంట్లో కూర్చున్నవాళ్లని నేను చూడలేదు, ఇంట్లో బియ్యం ఉన్నాయన్న ధైర్యంతో ముసలివాళ్లనీ పిల్లల్నీ వదిలి పనికి వెళ్లినవాళ్లని చూశాను. అయినా ఆ రోజు నోరు మెదపలేదు.

ఇంకో సంగతి. సరిగ్గా ఆ స్కూల్ సంవత్సరం నుంచే కాలిఫోర్నియాలో గవర్నమెంటు బళ్లల్లో పిల్లలందరికీ పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం ఉచితం చేశారు. తల్లిదండ్రుల ఆదాయంతో సంబంధం లేదు. మా ఆయన సాఫ్ట్‌వేర్, నేనూ ఉద్యోగమే, మా జీతాలెంతని ఎవరూ అడగలేదు. ఆ పాట్‌లక్‌లో కూర్చున్న మా అందరి పిల్లలూ ఆ వారమంతా స్కూల్లో ఊరికే తిన్నారు. అది పిల్లల హక్కు, నాకు నచ్చింది కూడా. మరి మా మేనకోడలికి బడిలో ఇచ్చే గుడ్డు, జావ, మా అమ్మ రేషన్ బియ్యం ఎందుకు వేరే లెక్కలోకి వెళ్లాలి?

ఊళ్లో ఉన్న ఆరు వారాలూ పెద్దదానితో ఇదే మాట్లాడాను. దానికి చాలా ప్రశ్నలు. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక్క రూపాయి అని రాసి ఉందని, 2023 జనవరి నుంచి కేంద్రం ఆ ధాన్యాన్ని పూర్తిగా ఉచితం చేసిందని చెప్పాను. "మరి ఒక్క రూపాయి ధాన్యం అంటే చోళ్లే కదా, అమ్మమ్మ రేషన్‌లో అవెందుకు ఇవ్వట్లేదు?" అని అడిగింది. మా అన్నయ్య నవ్వి, మెట్ట పొలంలో తను వేసే చోళ్ల గురించి చెప్పాడు. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాల్లో కొన్నిటికి మా నదుల పేర్లున్నాయి: చంపావతి, వేగావతి, సువర్ణముఖి, గోస్తని. మా అమ్మాయి ఆ పేర్లన్నీ పుస్తకంలో రాసుకుంది. ఆ జూన్‌లోనే కేంద్రం రాగులకి క్వింటాలుకి 3,846 రూపాయల మద్దతు ధర ప్రకటించింది, సాధారణ రకం వడ్లకి 2,183. అన్నయ్య మాత్రం అంతకు ముందు పంటని తక్కువ ధరకి కళ్లంలోనే షావుకారికి అమ్మేశాడు. ధర కాగితం మీద ఉంటే చాలదు, కొనేవాడు ఊళ్లోకి రావాలి. సాలూరు ఘాట్ దాటితే కోరాపుట్, అక్కడ ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌లో రైతుల దగ్గర చోళ్లు కొని రేషన్ కార్డుల మీద ఇచ్చారు. మా వైపు కూడా అలాగే కార్డు మీద బియ్యం కావాలో చోళ్లు కావాలో ఇంటివాళ్లే చెప్పుకునేలా ఉండాలని నా కోరిక. బియ్యం తీసేసి చోళ్లు అంటగట్టమని కాదు. మా అమ్మ మాట విన్నాక అలా అనడానికి నోరు రాదు.

పిల్లల ముందు ఇండియా రాజకీయాలు మాట్లాడకూడదని ఇక్కడ చాలామంది అంటారు, వాళ్లకి ఇడ్లీ, దీపావళి చాలు, మిగతాది వాళ్ల బుర్రకెందుకు అని. నేను ఒప్పుకోను. కూర మాత్రమే ఇచ్చి దాని కథ ఇవ్వకపోతే వాళ్లకి అది రెస్టారెంట్ మెనూలో ఇంకో ఐటమే అవుతుంది.

తిరిగొచ్చాక దసరాకి మళ్లీ అదే స్నేహితురాలింట్లో భోజనాలు, మళ్లీ అదే మాట వచ్చింది. ఈసారి నేను రెండ్రూపాయల బియ్యం తిని పెరిగానని, మన పిల్లలందరూ నిన్న మధ్యాహ్నం స్కూల్లో ఉచితంగా తిన్నారని చెప్పాను. గొంతు వణికింది. ఒకావిడ, నరసన్నపేట వాళ్లే, "మేమూ అంతే వదినా" అంది. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. కార్లో వస్తుంటే పెద్దది, నువ్వు అక్కడ ఓటేస్తావా అని అడిగింది. నా పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే, ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు గానీ ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి వెళ్లాలి. 2024 మే 13న మా ఊళ్లో పోలింగ్ జరిగినప్పుడు పిల్లలకి స్కూలు నడుస్తోంది, వెళ్లలేకపోయాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ మే నెలలోనే ఒక ఆదివారం పెద్దది తనే అంబలి కాస్తానంది. మొదటిసారి ఉండలు కట్టేసింది. వీడియో కాల్‌లో అమ్మమ్మకి గిన్నె చూపించింది. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "పొయ్యి తగ్గించి కలపాలే. మజ్జిగ ఇప్పుడే పోసీకు, వేడి మీద విరిగిపోతాది. సల్లారనీ" అంది.