రజొ ముందురోజు

జూన్ 13, పర్లాకిమిడి

రేపు పహిలి రజొ, అంటే ఒడియా వాళ్ళ మూడు రోజుల రజొ పండగలో మొదటి రోజు. మా వీధిలో ఒడియా వాళ్ళ ఇళ్ళల్లో తెల్లారకముందే హడావుడి మొదలైంది. ఈ మూడు రోజులూ భూదేవి ముట్టులో ఉంటుందని వాళ్ళ నమ్మకం. నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడవాళ్ళు రుబ్బడం, తరగడం లాంటివి పెట్టుకోరు. అందుకని రుబ్బాల్సినవి, తరగాల్సినవి ముందురోజే కానిచ్చేస్తారు. ఈ ముందురోజుని సజబజ అంటారు. ఆడపిల్లలకి కొత్త బట్టలు కూడా ఇవాళ్టికే అందాలి. కాబట్టి బట్టలు కుట్టే నాకు సజబజ అంటే, గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి "మాఉసీ, హెలా కి?" (పిన్నీ, అయిందా?) అని అడుగుతూనే ఉండే రోజు.

సరిగ్గా అలాంటి రోజునే కరెంటు పోయింది. మిషన్‌కి మోటారు పెట్టించుకున్నాక కాళ్ళతో తొక్కడం మానేశాను, మోకాళ్ళు ఒప్పుకోవు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు అంచులు ఉన్న బట్టలన్నీ ఎప్పుడూ ఒక సంచిలో విడిగా పెట్టుకుంటాను. ఆ సంచి తీసుకుని అరుగు మీద వెలుతురులో కూర్చున్నాను.

మా అత్తగారికి నచ్చలేదు. "ఏటే, ఆ కరెంటోళ్ళకి ఫోన్ చేసి నాలుగు తిట్టవేటి?" అంది.

"నేను తిడుతూ కూర్చుంటే ఈ కాజాలు ఎవరు కుడతారత్తా?"

"నీకు కోపమే రాదు," అని లోపలికి పోయింది. అది నిజం కాదు. వస్తుంది. మధ్యాహ్నం ఒకావిడ ఒప్పుకున్న డబ్బులో యాభై రూపాయలు తగ్గించి చేతిలో పెట్టి, "పండగ కదా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. పండగ ఆవిడకి. నాకు కాసేపు ఒళ్ళు మండింది. పాజిటివ్‌గా ఉండాలని ఆ మంటని డైరీలోంచి కొట్టెయ్యను.

అసలు ఆ పాజిటివ్ అన్న మాటంటేనే నాకు ఒకప్పుడు చిరాకు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా పోయింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి, మిషన్ తడిసి తుప్పు పట్టింది, జనాలు ఇచ్చిన బట్టలు పాడయ్యాయి. అప్పుడు ఫోన్లో సూర్యోదయం బొమ్మ వేసి "అంతా మన మంచికే" అని మెసేజ్ పంపినవాళ్ళున్నారు. ఎవరి మంచికి? ఆ మాట మీద ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు.

అందుకే మా అమ్మాయి బరంపురం కాలేజీ నుంచి వచ్చి, "రోజూ రాత్రి మూడు మంచి విషయాలు రాయమ్మా" అన్నప్పుడు మొహం ముడుచుకున్నాను. ఇదీ ఆ సూర్యోదయం బాపతే అనుకున్నా. అది చెప్పిన సంగతి ఇదీ: సెలిగ్మన్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసర్, ఆయనతో ఇంకొందరు 2005లో ఒక పరిశోధన అచ్చువేశారు. కొంతమంది చేత వారం పాటు రోజూ రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయించారు. ప్రతిదానికీ పక్కన అది ఎందుకు జరిగిందో కూడా రాయాలి. ఆరు నెలల తర్వాత చూసినా వాళ్ళలో సంతోషం పెరిగి, దిగులు తగ్గి కనిపించిందట. వారంతో ఆపకుండా సొంతంగా కొనసాగించినవాళ్ళకి ఇంకా బాగా పనిచేసిందట.

సరే, పిల్ల మాట ఎందుకు కాదనాలని మొదలుపెట్టాను. మంచి విషయాలు రాయడం తేలికే. ఇబ్బందంతా ఆ "ఎందుకు" దగ్గర. మొదట్లో "చల్లబడింది, ఎందుకంటే వాన పడింది" అని రాసేదాన్ని. మా అమ్మాయి చదివి పడీపడీ నవ్వింది. కొన్నాళ్ళు పోయాక ఆ "ఎందుకు" పక్కన మనుషులు రావడం మొదలైంది. పక్కింటి పెద్దావిడ, దారం రీళ్ళు అప్పిచ్చే కొట్టతను, మా అత్తగారు కూడా. ఆ తర్వాత అప్పుడప్పుడూ నేను. పని బాగా వస్తే అదృష్టం అనీ, రాకపోతే నా ఖర్మ అనీ అనుకునే అలవాటు నాది. బాగా వచ్చినదాంట్లో నా చెయ్యి ఎంతుందో ఎప్పుడూ లెక్కేసుకోలేదు. ఈ వయసులో ఆ లెక్క కొత్తగా నేర్చుకుంటున్నాను.

ఇంకోటి కూడా చెప్పింది మా అమ్మాయి. మంచి జరిగిపోయినట్టు ఊరికే ఊహించుకుంటూ ఉంటే మనిషి చేసే ప్రయత్నం తగ్గుతుందని ఓటింగన్ అనే జర్మన్ ఆవిడ పరిశోధనల్లో తేలిందట. కోరిక అనుకున్నాక దానికి అడ్డం ఏముందో కూడా వెంటనే అనుకోవాలంటుంది. ఇది నాకు మూడు మంచి విషయాలకంటే నచ్చింది.

నా కోరిక ఒడియా చదవడం. పుట్టింది పాతపట్నంలో, చదువు తెలుగులో. పెళ్ళయి ఇటొచ్చాక మాట్లాడటం వచ్చేసింది గానీ అక్షరాలు రాలేదు. ప్రతిదాని నెత్తినా గొడుగు పట్టినట్టుంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొలతల చీటీ ఒడియాలో వస్తే మా అమ్మాయికి ఫొటో తీసి పంపి, అది క్లాసులోంచి బయటికొచ్చేదాకా ఆగాలి. నాకు అడ్డం ఏమిటంటే రాత్రి కళ్ళు లాగేస్తాయి, పుస్తకం ముందు కూర్చోలేను. అందుకని బజారుకెళ్ళేటప్పుడు కొట్ల బోర్డులు చదువుతున్నాను. మా ఊళ్ళో బోర్డుల మీద ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి సరిచూసుకోవచ్చు.

ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల్లో ఉండే సవర గిరిజనుల్లో ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, మందుకి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. ఒక భాషని చెవితో పట్టుకునే పనిలో ఉన్న మనిషికి చెవుడు! అయినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆయనకి అరవై ఏడెనిమిదేళ్ళు. అన్నిటికీ సర్దుకుపోయే మనిషి అనుకోకండి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. నాకు ఆయనలో ఆ మొండితనమే ఎక్కువ నచ్చుతుంది.

ఇవాళ్టి మూడూ రాసేస్తాను.

ఒకటి, సాయంత్రం వచ్చిన చీటీలో "హాత లంబా" అని నేనే చదివాను. పొడుగు చేతులు. ఎందుకంటే, బోర్డులు.

రెండు, పట్టు లంగాలన్నీ చీకటి పడేలోపు వెళ్ళిపోయాయి. ఎందుకంటే, చేతిపని పొద్దున్నే అయిపోవడంతో కరెంటు రాగానే మిషన్ మీద పైకుట్లు మాత్రమే మిగిలాయి. అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరినీ కబుర్లలో పెట్టింది. ఇది ఆవిడకి చెప్పాలి, చెబితే పొంగిపోతుంది.

మూడు, పక్కింటి నుంచి పొడొపిఠా వచ్చింది, రజొకి కాల్చి చేసే పిండివంట. "మన పండగ కాదు గదే" అంటూనే అత్తగారు రెండు ముక్కలు తిన్నారు. ఎందుకు వచ్చిందంటే, వాళ్ళ పాప జాకెట్టు నిన్న డబ్బు తీసుకోకుండా సరిచేసిచ్చాను. అలా రాస్తే ఏదో బేరంలా ఉంది. వాళ్ళు ప్రతి ఏడూ పంపుతారు, అంతే.

యాభై రూపాయలావిడ సంగతి పండగ వెళ్ళాక అడుగుతాను. నవ్వుతూనే అడుగుతాను గానీ అడుగుతాను.

మిషన్‌కి నూనె వేసి మూత పెట్టేశాను. రేపు పక్కింటివాళ్ళు ఉయ్యాలకి రమ్మన్నారు. నడుం నొప్పిగా ఉంది, ఊగను. కూర్చుని పాన్ తింటాను.