పాపకి స్కూలు వెతికిన అనుభవం

మా పాపని ఒకటో తరగతిలో చేర్చాల్సిన సమయం దగ్గరపడేసరికి ఇంట్లో స్కూళ్ళ బ్రోచర్లు గుట్టగా చేరాయి. సమగ్ర వికాసం, ప్రపంచ స్థాయి విద్య, ప్రతి విద్యార్థిపైనా వ్యక్తిగత శ్రద్ధ... ఏది తెరిచినా ఇవే మాటలు. పైన పేరు మూసేస్తే ఏది ఏ స్కూలుదో పోల్చుకోలేం. బంధువుల్నీ స్నేహితుల్నీ అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఒకరికి ర్యాంకులు ముఖ్యం, ఇంకొకరికి క్రమశిక్షణ, మరొకరికి ఇంగ్లీషు. అడిగినకొద్దీ టెన్షన్ పెరిగిందే తప్ప దారి కనిపించలేదు. చివరికి మేం ఎలా తేల్చుకున్నామో ఇప్పుడు వెతుకుతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నేనూ మావారూ కూర్చుని, స్కూళ్ళ సంగతి పక్కనపెట్టి, పాప గురించి ఒక కాగితం మీద రాసుకున్నాం. కొత్తవాళ్ళతో వెంటనే మాట్లాడదు. ఒక పని మొదలుపెడితే అయ్యేదాకా వదలదు, మధ్యలో లేపితే ఏడుస్తుంది. కథలంటే ప్రాణం. అక్షరాలన్నీ వచ్చు గానీ రాయడం బాగా నెమ్మది. ఎవరైనా గట్టిగా అరిస్తే బిగుసుకుపోతుంది. అంతే, అరపేజీ కూడా లేదు. కానీ ప్రతి స్కూలుకీ ఆ కాగితం మాతో వచ్చింది. స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోయిన చోట కూడా, నెమ్మదిగా రాసే పిల్లని వీళ్ళు ఏం చేస్తారన్న ప్రశ్న దాని వల్లే గుర్తుండేది.

జాబితా మొదట దూరం వల్ల తగ్గింది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. పొద్దున ఆరున్నరకి బస్సు అంటే పిల్ల ఐదున్నరకి లేవాలి. పది గంటలు పడుకోవాలంటే రాత్రి ఏడున్నరకే నిద్రపోవాలి. సాయంత్రం ఐదింటికి బస్సు దిగితే తినడం, ఆడుకోవడం, హోంవర్క్, కబుర్లు అన్నీ రెండున్నర గంటల్లో అయిపోవాలి. అది మా ఇంట్లో జరిగే పని కాదు. బాగా పేరున్న స్కూళ్ళు కూడా కొన్ని ఈ లెక్కలోనే పోయాయి. బస్సు గురించి అడిగేటప్పుడు మన స్టాపు రూటులో మొదటిదా చివరిదా అని తప్పకుండా అడగండి. కారులో పావుగంట పట్టే స్కూలుకి బస్సులో గంట పట్టే సందర్భాలున్నాయి.

తర్వాత పేర్ల సంగతి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి పిల్లల బడి తెరిచారు. ఆ పద్ధతిలో మూడేళ్ళ తేడా ఉన్న పిల్లలు ఒకే గదిలో కలిసి ఉంటారు. ఎవరికి నచ్చిన పని వాళ్ళు తీసుకుని దాదాపు మూడు గంటలు అడ్డు లేకుండా చేసుకుంటారు. మా పాప స్వభావానికి ఇది సరిపోతుందని ఆశపడ్డాను. కానీ మాంటిస్సోరి అన్న మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. మేం చూసిన ఒక చోట ఆ సామగ్రి అంతా అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది, పిల్లలు వరసగా కూర్చుని బోర్డు చూసి రాసుకుంటున్నారు. ఇంటర్నేషనల్ అన్న మాటా అంతే. సొంత సిలబస్, పరీక్షలు నడిపే ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థ 1968లో జెనీవాలో మొదలైంది. అది తాను అనుమతించిన స్కూళ్ళ వివరాలు తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. ఏ స్కూలైనా క్యాండిడేట్ స్కూల్ అని చెప్పుకుంటే అనుమతి ఇంకా రాలేదని అర్థం, వస్తుందన్న హామీ కూడా లేదు. ఏ పరీక్షల బోర్డు గురించి చెప్పినా స్కూలువాళ్ళ మాటతో సరిపెట్టుకోకుండా ఆ బోర్డు దగ్గరే చూసుకోవాలి.

రిజల్ట్స్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఏర్పడింది. గోడ నిండా టాపర్ల ఫొటోలు ఉన్నచోట ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో ఎంతమంది చివరి తరగతి దాకా ఇక్కడే చదివారు? వెనకబడినవాళ్ళని మధ్యలో పంపించేసి, పరీక్ష పెట్టి చురుకైనవాళ్ళని చేర్చుకుంటే ఏ స్కూలుకైనా మంచి మార్కులే వస్తాయి. 2000 నుంచి వేర్వేరు దేశాల్లో 15 ఏళ్ళ పిల్లలకి పీసా అనే పరీక్షలు నిర్వహిస్తున్న అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ విశ్లేషణల్లోనూ ఇలాంటిదే తేలింది. కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థాయిని లెక్కలోకి తీసుకుంటే ప్రైవేటు స్కూళ్ళ పిల్లలకి కనిపించే ఆధిక్యం చాలావరకు తగ్గిపోతుంది. అంటే ఆ ఫొటోల్లో స్కూలు గొప్పతనం ఎంతో, ఇంటి నుంచి వచ్చింది ఎంతో బయటివాళ్ళకి తెలిసే వీల్లేదు.

తరగతిలో ఎంతమంది ఉన్నారన్నది మాత్రం గట్టిగా పట్టించుకున్నాం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి 79 స్కూళ్ళలో స్టార్ అనే ప్రయోగం చేశారు. 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల్లోని చిన్నపిల్లలు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల వాళ్ళకంటే చదవడంలో, లెక్కల్లో మెరుగ్గా ఉన్నారు. పెద్ద తరగతిలోనే ఒక సహాయకురాలిని అదనంగా పెడితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది తెలిశాక, క్లాసులో ఇద్దరు టీచర్లు ఉంటారని చెప్పిన చోటల్లా రెండో టీచర్ ఏం చేస్తారని అడిగాం. చాలాచోట్ల ఆవిడ పని డైరీల్లో సంతకాలు పెట్టడం, పిల్లల్ని వరసలో నిలబెట్టడం.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది మామూలు రోజున, క్లాసులు జరుగుతున్నప్పుడు వెళ్ళడం. ఓపెన్ హౌస్ రోజున స్కూలంతా పెళ్ళివారిల్లులా ఉంటుంది, ఆ రోజు చూసింది లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల లోపలికి రానివ్వలేదు. భద్రత కోసమని చెప్పారు, ఆ మాటా నిజమే. కానీ ఎవరో ఒకరు వెంట ఉండి పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడనిచ్చినా మాకు చాలు, దానికీ ఒప్పుకోని స్కూలుని వదిలేశాం.

ఒక స్కూల్లో ఒకటో తరగతి వెనక బెంచీలో కూర్చోనిచ్చారు. లెక్కల పీరియడ్. ఏడుకి ఐదు కలిపితే ఎంత అని మేడం అడిగారు. ఒక బాబు లేచి పదకొండు అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం నవ్వినవాళ్ళ వైపు ఒక్క చూపు చూసి, "ఎలా వచ్చిందో వేళ్ళ మీద చూపించు నాన్నా" అన్నారు. వాడు ఒక్కో వేలూ తెరుస్తూ "ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు" అని లెక్కపెట్టాడు. ఐదు వేళ్ళూ అయ్యాయి, వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. ఉన్న ఏడునే మొదటి వేలికి మళ్ళీ లెక్కపెట్టాడని నాకు కూడా అప్పుడే అర్థమైంది. మేడం డబ్బాలోంచి ఏడు గింజలు తీసి వాడి ఎడమ గుప్పిట్లో పెట్టారు. "ఈ ఏడూ నీ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు కుడిచేతి మొదటి వేలు తెరిస్తే ఎంత?" వాడు కాసేపు ఆగి "ఎనిమిది" అన్నాడు. అక్కడినుంచి తనే పన్నెండు దాకా వచ్చేశాడు. ఇదంతా రెండు నిమిషాల పని. అంతకుముందు చూసిన ఇంకో స్కూల్లో ఇలాంటి జవాబుకే "తప్పు, కూర్చో, నెక్స్ట్" అన్నమాట విని వచ్చాను. అక్కడ స్మార్ట్ బోర్డు ఉంది, గదికి ఏసీ ఉంది.

పిల్లల నోటు పుస్తకాలు కూడా అడిగి చూడండి. గోడకి అంటించినవి, ప్రదర్శనకి పెట్టినవి వద్దు, అల్మరాలో ఉన్న మామూలువి చూడాలి. ఒకచోట ప్రతి పేజీలోనూ పెద్ద టిక్కు, కింద గుడ్ అని ఉంది. పిల్ల ఒకే అక్షరాన్ని పేజీ పొడుగునా తిరగేసి రాసినా అదే గుడ్. లెక్కల పీరియడ్ చూసిన స్కూల్లో మాత్రం అలాంటి తప్పు పక్కనే టీచర్ ఆ అక్షరాన్ని చుక్కలతో రాసి, ఎక్కడ మొదలుపెట్టాలో చిన్న బాణం గుర్తు పెట్టారు. తర్వాతి పేజీలో పిల్ల అది సరిచేసుకుంది కూడా.

టాయిలెట్లు చూడకుండా ఏ స్కూలూ ఖాయం చేయకండి. గడియ చిన్నపిల్లలకి అందుతుందా, సబ్బు ఉందా, క్లాసు మధ్యలో అడిగితే పంపిస్తారా? ఈ చివరి ప్రశ్నకి ఒక కోఆర్డినేటర్ "బ్రేక్‌లో వెళ్ళడం అలవాటు చేస్తాం మేడం" అన్నారు. ఆరేళ్ళ పిల్ల గంటల తరబడి ఆపుకుని కూర్చోవాలా? నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

గేటు దగ్గర తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు, స్కూలు ఎలా ఉంది అంటే అందరూ బాగుందనే చెప్పారు. "మీ బాబుకి ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు స్కూలు ఏం చేసింది?" అని అడిగితే అసలు విషయాలు బయటికొచ్చాయి. ఒకావిడ, వాళ్ళ పిల్లకి ఒక్క ఏడాదిలోనే క్లాస్ టీచర్లు మారిపోతూ వచ్చారని చెప్పారు. అప్పటినుంచి ఒకటి, రెండు తరగతుల టీచర్లు ఎన్నేళ్ళుగా ఉన్నారన్నది ప్రతిచోటా అడిగాం. జవాబు చెప్పడానికి తడబడ్డవాళ్ళు చాలామందే.

ఫీజు గురించి ఒక్కమాట: అడ్మిషన్, ట్యూషన్, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, కార్యక్రమాలు అన్నీ కలిపి రాతపూర్వకంగా తీసుకోండి. గత కొన్నేళ్ళలో ఎంతెంత పెంచారో, మధ్యలో మానేస్తే ఏం తిరిగిస్తారో కూడా అడగండి. మొదటి ఏడాది కట్టగలమా అన్నది చూస్తే చాలదు, చివరి తరగతి దాకా లెక్కేసుకోవాలి.

ఇంటర్వ్యూల్లో నాకు బాగా బాధ కలిగించిన అనుభవం ఒకటుంది. ఒక పేరున్న స్కూల్లో పాపని కాసేపు కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి గబగబా ప్రశ్నలడిగారు. అది నోరు విప్పలేదు. "కొంచెం స్లో అండీ, ట్యూషన్ పెట్టించండి" అని దాని ముందే అన్నారు. ఆ మాట దానికి అర్థమైంది. ఇంటికొచ్చాక "స్లో అంటే చెడ్డా అమ్మా?" అని అడిగింది. కాదని దగ్గరికి తీసుకున్నాను.

గింజలతో లెక్క చెప్పిన స్కూల్లో పాప ముందు చెక్క దిమ్మలు పెట్టి వదిలేశారు. ఆ మేడం పక్కనే కూర్చుని తన పని తాను చేసుకున్నారు. కాసేపటికి పాపే "ఇది వంతెన" అని చెప్పింది. దాని మీద ఎవరు వెళ్తారని ఆవిడ అడిగారు, ఇక కథ ఆగలేదు.

చివరికి రెండు స్కూళ్ళు మిగిలాయి. పెద్దదాంట్లో ల్యాబులు, విశాలమైన మైదానం ఉన్నాయి. మావారి మనసు అటే ఉండేది, పై తరగతులకి వచ్చేసరికి అవి కావాలి కదా అని ఆయన వాదన. అందులో న్యాయం ఉంది. పాప కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. పదేళ్ళ తర్వాత కావాల్సిన ల్యాబు కోసం ఇప్పుడు కావాల్సిన టీచర్ని వదులుకోవద్దని, ఆ అవసరం వచ్చినప్పుడు మళ్ళీ చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. గింజలతో లెక్క చెప్పిన ఆ చిన్న స్కూల్లోనే చేర్చాం.

ఇప్పుడు మొదటి టర్మ్ అయింది. పాప రాత ఇంకా నెమ్మదే. మిగతావాళ్ళు పది వాక్యాలు రాస్తే దీన్ని ఆరు రాయమంటున్నారు, ఆ ఆరూ పూర్తిచేసి తెస్తోంది. ఆటస్థలం మాత్రం మరీ చిన్నది, రెండు తరగతులు ఒకేసారి బయటికొస్తే పరిగెత్తడానికి చోటుండదు. తరగతుల వారీగా ఆటల పీరియడ్ మార్చమని మొన్నటి తల్లిదండ్రుల మీటింగులో అడిగాం, వచ్చే టర్మ్ టైంటేబుల్‌లో చూస్తామన్నారు. ఈలోగా సాయంత్రాలు దాన్ని పార్కుకి మేమే తీసుకెళ్తున్నాం.