ఏ పేజీ వెయ్యాలి?

"అక్కా, ఫోన్‌లో 212 చూపిస్తోంది, ట్యాబ్‌లో 140. థీసిస్‌లో ఏది వెయ్యను?" ఇందాక మా జూనియర్ ఈ-బుక్ తెచ్చి ముందు పెట్టింది. అక్షరాల సైజు పెంచితే ఆ అంకె కూడా మారిపోయింది.

ఏదీ వెయ్యొద్దన్నాను. ఏపీఏ (ఎక్కణ్ణుంచి తీసుకున్నామో థీసిస్‌లో ఎలా చూపాలో చెప్పే పద్ధతి పుస్తకం) ఏడో ఎడిషన్ చెప్పేదీ అదే, పేజీకి బదులు ఇవి వెయ్యమని: అధ్యాయం, ఉపశీర్షిక, అందులో ఎన్నో పేరా. కిండిల్ లొకేషన్ నంబరు వద్దు. వీడియో అయితే నిమిషం, సెకను.

నాకిది చాలా నచ్చుతుంది. భారతంలో పద్యానికి మనవాళ్లు పేజీ ఎప్పుడడిగారు? ఆది. 1-26 అంటే చాలు. ఆదిపర్వం, ప్రథమాశ్వాసం, 26వ పద్యం. ఏ ముద్రణ తీసినా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.

పేరాలు లెక్కపెట్టడం విసుగే, పాపం. ఇప్పుడు అదే పనిలో ఉంది.

మీ గైడ్లు పేరా నంబరుకి ఒప్పుకుంటున్నారా?