ఈ రోడ్డు ఎన్ని గంటలకి మునుగుతుంది? ముంపు మ్యాప్‌తో నా అనుభవం

వరద సహాయక చర్యలు చూసే టీమ్ ఒకటి ముంపు మ్యాప్ కావాలని అడిగితే, పది రోజుల పనే కదా అని ఒప్పేసుకున్నాను. నదిలో నీరు ఎలా పారుతుందో లెక్కగట్టే హెచ్‌ఈసీ-రాస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, 2016లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి టూడీ (నీరు నేల మీద నలువైపులా పరుచుకోవడం) కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌తో పెద్ద పేచీ రాలేదు. నన్ను ఏడిపించింది నేల ఎత్తుల డేటా.

మొదట ఎస్‌ఆర్‌టీఎం వాడాను. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా అది, ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, పైగా అందులో చెట్ల ఎత్తూ ఇళ్ల కప్పుల ఎత్తూ కలిసిపోయి ఉంటాయి, దాంతో నది పక్కన తోట ఉన్న చోటల్లా గట్టు వేసినట్టు నీళ్లు ఆగిపోయాయి. తర్వాత లేజర్‌తో నేల ఎత్తులు కొలిచే లైడార్ సర్వే దొరికింది. హమ్మయ్య అనుకుని రన్ చేస్తే ఒక వంతెనకి ఎగువన అంతా చెరువు! నీటి పారుదలని అడ్డుకునే నేల గరుకుదనం విలువలు తప్పేమోనని (మానింగ్ ఎన్ అంటాం, నదికి 0.03, దట్టమైన పొదలకి 0.1 దగ్గర పెడతాం) రెండు రోజులు అవే మారుస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే వంతెన పైభాగం ఎత్తు డేటాలో అలాగే ఉండిపోయి నదికి ఆనకట్టలా అడ్డం నిలబడింది. దాన్ని తీసేసి, రోడ్ల కింద తూములు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే అప్పుడు కదిలాయి నీళ్లు.

సరిచూడడానికి పాత వరద నాటి సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రం తీసుకున్నాను. మబ్బులున్నా పనిచేస్తుంది, కదలని నీరు నల్లగా కనిపిస్తుంది. పొలాల్లో బాగానే కలిసింది గానీ ఇళ్ల మధ్య కలవలేదు. మళ్లీ టెన్షన్. నీటికీ గోడకీ తగిలి తిరిగొచ్చే సిగ్నల్ వల్ల మునిగిన వీధి నల్లగా కాక తెల్లగా కనిపించవచ్చని తర్వాత తెలిసింది, అందుకని అక్కడ గోడల మీద మిగిలిన నీటి మరకలే కొలుచుకున్నాను.

చివరికి నీలం రంగులతో అందమైన లోతుల మ్యాప్ పట్టుకెళ్తే, టీమ్ పెద్దాయన కాసేపు చూసి, "బాగుందండీ, ఈ రోడ్డు ఎన్ని గంటలకి మునుగుతుంది? అంతలోపు అంబులెన్స్ వెళ్లొస్తుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నేను తెచ్చింది ప్రతి చోటా వచ్చిన గరిష్ఠ లోతు, అది అన్ని చోట్లా ఒకేసారి రాదు కదా.

మళ్లీ మొదలుపెట్టాను. వరద వచ్చాక రన్ చేస్తే గంటలు పడుతుంది కాబట్టి రకరకాల ప్రవాహాలకి ముందే రన్ చేసి పెట్టి, ఎగువన నీటిమట్టం కొలిచే గేజీలో ఏ మట్టం దాటితే ఏ రోడ్డు మీదికి ఎంతసేపట్లో 30 సెంటీమీటర్ల నీరు వస్తుందో తీశాను (పారే నీరు ఆ మాత్రం ఉంటే చిన్న కారుని తోసేస్తుంది). గరుకుదనం కాస్త అటూ ఇటూ మార్చితే ఒక రోడ్డుకి ఏకంగా రెండు గంటల తేడా వచ్చింది, ఆ రోడ్డుకి రెండిట్లో ముందొచ్చే సమయమే రాయమన్నారు టీమ్ వాళ్లు. కరెంటు పోయినా చూసుకోవచ్చని అంతా ఒక్క కాగితం మీద పట్టికగా అచ్చు వేయించారు.

నా నీలం మ్యాప్ గోడకి తగిలించారు, చూడ్డానికి బాగుంటుందట.