నాన్న నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు

నాన్నకు చెంప క్యాన్సర్. 30 ఏళ్ళ గుట్కా. చివరి నాలుగు నెలలు మల్కాజిగిరిలో మా ఇంట్లోనే ఉన్నారు. ఎవరు పలకరించడానికి వచ్చినా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఒకరోజు మా పాప పక్కన కూర్చోబోతే "దూరంగా ఉండమ్మా" అన్నారు. నోటి వాసన సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. నేను గదిలో అగరుబత్తులు వెలిగించేదాన్ని. ఆ పొగకు ఆయనకు దగ్గు, వికారం.

మొదట చూపించిన ఆసుపత్రిలో అడిగితే "ఈ జబ్బులో అంతేనమ్మా" అన్నారు. తర్వాత హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ కేర్ (జబ్బు బాధలు తగ్గించి ఊరట ఇచ్చే) విభాగానికి వెళ్ళాం. అక్కడి సిస్టర్ టార్చి వేసి నోరంతా చూశారు. ఎన్ని నెలల తర్వాతో, ఒకరు ఆయన నోట్లోకి చూడటం!

కారణం ఒక్కటి కాదట. నొప్పికి వాడే మార్ఫిన్ వల్ల నోరు ఎండిపోతోంది, ఉమ్మి తగ్గితే క్రిములు పెరుగుతాయి. నాలుక మీది తెల్లపూత ఫంగస్. కట్టుడు పళ్ళు రాత్రిళ్ళు కూడా తీయడం లేదు. అన్నిటికన్నా ముఖ్యం పుండు. అక్కడ చచ్చిపోయిన కండలో గాలి అక్కర్లేని బాక్టీరియా చేరితే ఆ వాసన వస్తుంది. డాక్టర్ గారు దానికి మెట్రోనిడజోల్, పూతకు క్లోట్రిమజోల్ రాశారు. వారం తిరిగేసరికి వాసన చాలా తగ్గింది. అందరికీ ఇవే మందులని కాదు. కిడ్నీలు, లివర్ పాడైనా నోరు వాసన వస్తుంది. డాక్టర్ చూడాల్సిందే.

మిగతాది మా చేతిలో పని. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి పుక్కిలించేవారు. ఓపిక లేని రోజు తల పక్కకు తిప్పి, తడి గాజుగుడ్డతో నేనే తుడిచేదాన్ని. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు వాడాం. కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడిగి నీళ్ళలో వేసేవాళ్ళం. స్పిరిట్ ఉండే మౌత్‌వాష్ మాత్రం వద్దన్నారు, మంట పుడుతుంది, నోరు ఇంకా ఎండుతుంది. ఎవరో అనాసపండు ముక్కలు మంచివన్నారు గానీ ఆ పుండు మీద పులుపు పడితే ఆయన ఓర్చుకోలేకపోయారు. మానేశాం.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే దయచేసి సిగ్గుపడి దాచకండి. నొప్పి చెప్పినట్టే ఇదీ చెప్పండి.

తర్వాత తువ్వాలు మంచం కోడుకే వేలాడుతూ ఉండేది. సాయంత్రం పుక్కిలింత నీళ్ళు పాపే కలిపి తెచ్చేది. ఆయన పక్కనే కూర్చుని బడి కబుర్లు చెప్పేది.