పెళ్లికి ముందు రోజు పెట్టిన సంతకం

కాలిఫోర్నియాలోని శాన్‌హోజేలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి, "అన్నా, పెళ్లికి ముందే ప్రీనప్ రాసుకుంటున్నాం, అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, వాడి టెన్షన్ వాడిది.

కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరికీ చెరి సగం. అలా వద్దనుకునేవాళ్లు పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందమే ఈ ప్రీనప్. బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ 1988లో పెళ్లికి సరిగ్గా ముందు రోజు కాబోయే భార్య చేత సంతకం పెట్టించాడు. ఆమెది స్వీడన్, తన తరఫున లాయరు కూడా లేడు, అయినా ఇష్టపడే పెట్టిందంటూ 2000లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. నాకైతే ఇది అస్సలు మింగుడుపడలేదు. మరుసటి ఏడాదే చట్టం మార్చారు. కాగితం చేతికిచ్చాక సంతకానికి 7 రోజులైనా గడువుండాలి, సొంత లాయరు ఉండాలి, లేదా అక్కర్లేదని విడిగా రాసివ్వాలి. లాయరు లేకుండా భరణం వదులుకుంటే మాత్రం ఆ షరతు చెల్లదు. లాయరు ఉన్నా సరే, విడాకుల నాటికి మరీ అన్యాయంగా కనిపిస్తే కోర్టు పక్కన పెట్టేస్తుంది. పిల్లల పోషణ ఖర్చుకి ఇందులో కోత పెట్టడం కుదరదు.

మన దగ్గర గోవాలో తప్ప ఇలాంటి ఒప్పందాలకి కోర్టుల్లో పెద్దగా బలం లేదు.

ఇంతా విని మావాడు అడిగిందేంటంటే, "ఇద్దరికీ ఒకే లాయరు చాలడా అన్నా, ఫీజు మిగులుతుంది కదా?"