డీసీకోర్ 350-601: షెడ్యూలర్ అంశంపై నా ప్రిపరేషన్ అనుభవం

మిత్రులారా, సిస్కో సంస్థ నిర్వహించే డేటా సెంటర్ నెట్‌వర్కింగ్ పరీక్ష డీసీకోర్ 350-601లో ఉత్తీర్ణుడినైనట్టు స్కోరు రిపోర్టు నిన్ననే చేతికందింది. నిపుణుల స్థాయి సర్టిఫికేట్ అయిన సీసీఐఈ డేటా సెంటర్ ల్యాబు పరీక్షకు అర్హతనిచ్చే పరీక్ష కనుక ఆ సంతోషాన్ని దాచుకోలేకపోతున్నాను. గోప్యతా ఒప్పందం ఉన్నందున ప్రశ్నల ఊసు ఎత్తను. ఆటోమేషన్ విభాగంలో ఈఈఎం (ఏదైనా సంఘటన జరగగానే ముందే రాసిపెట్టిన చర్యను నడిపే సాధనం) పక్కన ఒక్క మాటగా కనిపించే షెడ్యూలర్ (కమాండ్లను నిర్ణీత వేళకు తనంతట తానే నడిపే సాధనం) గురించి మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనలో చాలామంది దానిని పైపైన చూసి వదిలేస్తారు.

సిస్కో డేటా సెంటర్ స్విచ్ అయిన నెక్సస్‌లో ‘ఫీచర్ షెడ్యూలర్’ కమాండ్ ఇచ్చాక జాబ్ వేరు, షెడ్యూల్ వేరు అన్న సంగతి ముందుగా మనసుకెక్కాలి. జాబ్‌లో కమాండ్లు ఉంటాయి, షెడ్యూల్‌లో ఆ జాబ్ పేరూ వేళా ఉంటాయి. షెడ్యూల్‌కు జాబ్‌ను జతచేసి వేళ ఇవ్వకపోతే అది ఎప్పటికీ మొదలు కాదు.

నాకు ఈ అంశం నిజంగా పట్టుబడింది ల్యాబులో, నెక్సస్ 9000వీ (స్విచ్‌కు సాఫ్ట్‌వేర్ రూపం) మీద, రాత్రి ఒంటిగంటకు రన్నింగ్ కాన్ఫిగ్‌ను (స్విచ్‌లో అప్పుడు అమల్లో ఉన్న సెట్టింగులను) టీఎఫ్‌టీపీ అనే ఫైల్ బదిలీ పద్ధతి నడిచే సర్వర్‌కు కాపీ చేసే జాబ్ పెట్టినప్పుడు. తెల్లవారి ‘షో షెడ్యూలర్ లాగ్‌ఫైల్’ చూస్తే జాబ్ పేరు, యూజర్ పేరు, ముగిసిన సమయంతో పాటు ‘ఫెయిల్డ్’ అని కనిపించింది. అదే కమాండ్‌ను చేత్తో టైప్ చేసి చూడగా ఏ వీఆర్‌ఎఫ్ (స్విచ్‌లో విడివిడిగా ఉండే రూటింగ్ పట్టిక) అని స్విచ్ అడిగింది. అర్ధరాత్రి ఆ ప్రశ్నకు జవాబిచ్చేవారు ఎవరూ ఉండరు, పైగా మేనేజ్‌మెంట్ పోర్టు ఉండేది డిఫాల్ట్ వీఆర్‌ఎఫ్‌లో కాదు. కమాండ్ చివర ‘వీఆర్‌ఎఫ్ మేనేజ్‌మెంట్’ చేర్చగానే కాపీ సాఫీగా జరిగింది. ఎదురు ప్రశ్న వేసే కమాండ్ జాబ్‌కు పనికిరాదన్న నియమాన్ని గైడ్‌లో ఎన్నోసార్లు చదివినా, దాని అర్థం ఆ లాగ్ చూశాకే బోధపడింది. ఫైలు పేరులో స్విచ్‌నేమ్, టైమ్‌స్టాంప్ వేరియబుళ్లు ఎందుకు వాడతారో కూడా అప్పుడే తెలిసింది: అవి లేకపోతే ప్రతి రాత్రి కాపీ ఒకే పేరుతో వెళ్తుంది, పాత కాపీ మిగలదు.

యూజర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. టాకాక్స్ (లాగిన్‌ను బయటి సర్వర్ తనిఖీ చేసే పద్ధతి) ద్వారా లాగిన్ అయినవారి పాస్‌వర్డ్ జాబ్ నడిచే వేళ వరకు స్విచ్ దగ్గర నిలిచి ఉండదు కనుక, ‘షెడ్యూలర్ ఏఏఏ-ఆథెంటికేషన్’ కింద దానిని స్థానికంగా ఇవ్వాలి.

సిస్కో ఇతర పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో షెడ్యూలర్ లాంటి సాధనమైన క్రాన్ ఎగ్జెక్ కమాండ్లకే (చూడడం, కాపీ చేయడం లాంటివి) పరిమితమని, కాన్ఫిగరేషన్ మార్చాలంటే ఈఈఎం టైమర్ వాడాలని గుర్తుంటే ఆ పోలిక వరకు చాలు.

ఒక్క పదం కోసం రాత్రుళ్లు ల్యాబు నడపడం దండగని, డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) చదువుకుంటే సరిపోతుందని స్నేహితులు చెప్పారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. బట్టీ పట్టినవాడికి ఉద్యోగంలో బ్యాకప్ ఆగిపోయిన రోజున ఏ లాగ్ చూడాలో తోచదు. రోజూ కన్సోల్ ముందు కూర్చునే క్రమశిక్షణ లేనిదే ఈ చదువు ఒంటబట్టదు.

మీరు ల్యాబు పెట్టేటప్పుడు లాగ్‌ఫైల్ పరిమాణాన్ని ముందే పెంచుకోండి. డిఫాల్ట్‌గా అది 16 కేబీ మాత్రమే, 1024 కేబీ దాకా పెంచవచ్చు. జాబ్ అవుట్‌పుట్ అంతకు మించితే మిగతాది కత్తిరించుకుపోతుంది, మీకు కావలసిన ఎర్రర్ ఆ పోయిన భాగంలోనే ఉండవచ్చు.